ఎవరూ దూకని గోడ

పోయిన వారం సైదాబాద్‌లో నేనుంటున్న ఇంటికి భుజాన కండువా వేసుకున్న ఒక పెద్దమనిషి వచ్చాడు. పాతబస్తీలో మేము పుట్టి పెరిగిన గల్లీలో కొత్తగా కమ్యూనిటీ హాలు కట్టారట. దానికి మా బాపు పేరు పెడుతున్నారట. లోపల బాపు నిలువెత్తు ఫోటో పెట్టి, ఆ రోజున ఒక చిన్న పుస్తకం కూడా వేస్తారట. "మేడమ్, మీరు జిందగీ అంత టీచర్ నౌకరీ చేసిండ్రు. మీకంటె మంచిగ ఎవలు రాస్తరు? బాపు జైలు గోడ దుంకిన ముచ్చట రెండు పేజీలు రాసియ్యుండ్రి చాలు. ఇప్పటి పోరగాండ్లకు జోష్ రావాలె," అన్నాడు. చాయ్ తాగాడు. వెళ్ళబోతూ బాత్రూం ఎక్కడని అడిగి వెళ్ళొచ్చి, చేతులు కడుక్కోకుండానే నాకు రెండు చేతులూ జోడించాడు. శుక్రవారం వచ్చి కాగితాలు తీసుకుపొమ్మని పంపించాను. ఆయన తాగిన గ్లాసును తోమాను, కడిగాను, మళ్ళీ తోమాను. అప్పుడు నా చేతులు నాకే మా అమ్మ చేతుల్లా కనిపించి, ఆ గ్లాసు అక్కడే పెట్టి కుర్చీలో కూలబడ్డాను. అసహ్యించుకోవడం నాకు చాలా చిన్నప్పుడే నేర్పారు. ఎవరిని చూసి అసహ్యించుకోవాలన్నది తప్పుగా నేర్పారని తెలిసేసరికి పెళ్ళీడు వచ్చేసింది.

మా ఇల్లు లాల్ దర్వాజా దాటాక లోపలికి పోయే ఒక గల్లీలో ఉండేది. ముందువైపు బాపు దుకాణం, ఊదుబత్తీలు, సాంబ్రాణి, కుంకుమ, అత్తర్లు. ఊదు చెక్క కోసం బార్కస్ నుంచి పెద్ద పెద్ద వాళ్ళు వచ్చి గంటలు గంటలు కూర్చునేవారు. వినాయక చవితి దగ్గర పడితే ధూల్‌పేట నుంచి బొమ్మలు చేసేవాళ్ళు సాంబ్రాణికి వచ్చేవారు. దుకాణం వెనక ముందుగది, దాని వెనక వాకిలి, వంటిల్లు. ఇంటి వెనక ఒక మనిషి మాత్రమే పట్టే సన్నని గల్లీ ఉండేది. మా వరసలో ప్రతి ఇంటికీ వెనక గోడకు ఆనుకుని పాయిఖానా. దాని కింద రేకు డబ్బా, ఆ డబ్బాను బయటి నుంచి లాగడానికి గోడలో మోకాలెత్తు ఇనుప తలుపు. ఇప్పటి పిల్లలకు ఈ మాటలు చెబితే నేనేదో పురాణం చెబుతున్నానని నవ్వుతారు. ఇది అరవైల చివరి మాట, డెబ్బైల మధ్య దాకా కూడా ఇదే. నల్లా వచ్చింది, రేడియో వచ్చింది, ఫ్యాను వచ్చింది, ఆ ఇనుప తలుపు మాత్రం ఉన్నచోటే ఉంది.

ఆ తలుపు తీసే మనిషి బాలమ్మ. పొద్దున్నే చీపురు చప్పుడు, తర్వాత రేకు గీసిన చప్పుడు, తర్వాత ఆమె గొంతు. "నీళ్ళు పొయ్యుండ్రి అమ్మా!" అమ్మ చెంబుతో వెనక మెట్టు మీద నిలబడి, చీర కుచ్చెళ్ళు మోకాళ్ళ మధ్య బిగించుకుని, చెయ్యి ఎంత పైకి లేస్తే అంత పైకి లేపి నీళ్ళు పోసేది. నీళ్ళు కింద చింది బాలమ్మ ముఖాన పడేవి. రాత్రి మిగిలిన రొట్టెలు కూడా అంతే, పైనుంచి ఆమె కొంగులోకి పడేసేది. పండుగ రోజున అప్పుడే చేసిన బూరెలు కూడా పైనుంచే పడేవి. డబ్బాలోది బుట్టలోకి వంచుకుని, మీద బూడిద చల్లి, తలమీద గుడ్డ చుట్ట పెట్టుకుని బుట్ట ఎత్తుకుని ఆమె పోతుంటే, నేనూ తమ్ముడూ ముక్కులు మూసుకుని ఎవరు ఎక్కువసేపు ఊపిరి బిగబడతారో పందెం వేసుకునేవాళ్ళం. ఎండాకాలం ఆ వాసన పిండిలోకి, పాలలోకి, చివరికి దేవుడి అరలోకి కూడా వచ్చేది. అది మా వాసనే. మేము తిని విడిచినదే. కానీ ఇంట్లో అందరం దాన్ని 'బాలమ్మ వాసన' అనేవాళ్ళం.

బాపు సంగతి వేరు. ఆయన నాజూకు మనిషని గల్లీ అంతా చెప్పుకునేవారు. బాలమ్మ వచ్చే వేళకంటే ముందే లేచి, స్నానం చేసి, చెవి మడతలో అత్తరు దూది పెట్టుకుని దుకాణంలోకి వెళ్ళి షటర్ దించుకునేవాడు. ఆమె గల్లీ చివర మలుపు తిరిగిందని అమ్మ చెప్పాకే షటర్ లేచేది. రోజుకు ఎన్నిసార్లు చేతులు కడిగేవాడో! వేళ్ళ చివర్లు ఎర్రగా, చర్మం పలచబడి ఉండేవి. అన్నం ముద్ద నోటి దగ్గరికి తీసుకుపోయే ముందు ఒకసారి వాసన చూసుకునేవాడు. ప్రతి దసరాకు మాత్రం ఒక చిన్న అత్తరు సీసా తీసి, "బాలమ్మకియ్యి" అని అమ్మ చేతికిచ్చేవాడు. అమ్మ దాన్ని వెనక పిట్టగోడ మీద పెట్టేది, బాలమ్మ అక్కణ్ణుంచి తీసుకునేది. బుట్ట మోసే మనిషికి అత్తరేంటని ఒకసారి తమ్ముడు పడీ పడీ నవ్వాడు. బాపు వాణ్ణి చెంప మీద కొట్టాడు. వాడి మీద చెయ్యి చేసుకున్నది ఆ ఒక్కసారే. ఎందుకో మాకు అర్థం కాలేదు, అడిగే ధైర్యమూ లేకపోయింది.

సాయంత్రం పూట దుకాణం ముందున్న బండమీద బాపు కథ నడిచేది. నిజాం రాజ్యం చివరి రోజుల్లో, పట్నమంతా రజాకార్ల కనుసన్నల్లో ఉన్నప్పుడు, బాపు పద్దెనిమిదేళ్ళవాడు. రహస్యంగా కరపత్రాలు పంచేవాడు, పట్నంలో ఎక్కడ ఎంతమంది సిపాయిలున్నారో చీటీలు రాసి సరిహద్దు క్యాంపులకు పంపేవాడు. పట్టుబడ్డాడు. జైల్లో పడ్డా చీటీలు ఆగలేదు. "ఒక నమ్మకమైన మనిషి" వాటిని బయటికి చేరవేసేవాడట. ఎవరు బాపూ అంటే, "పేరు చెప్పనని ఒట్టు పెట్టుకున్న" అనేవాడు. ఇక అసలు ఘట్టం. నాలుగు కంబళ్ళు చింపి జడలా అల్లాడు, పొద్దు పొడవక ముందే గోడ ఎక్కాడు, పైన గాజుపెంకులు భుజాన్ని చీరేశాయి, అవతలికి దూకాడు, పొంగుతున్న మూసీని ఈదాడు. ఇక్కడికి వచ్చేసరికి చొక్కా జరిపి భుజం మీద మచ్చ చూపించేవాడు. అందరూ "వాహ్ వా" అనేవారు. ఆయన్ను అందరూ 'గోడ దుంకిన నర్సింలు సేటు' అనేవారు. బడిలో నేను గోడ దుంకినాయన బిడ్డను. ఆ మాటతో నాకు ముందు బెంచీ దొరికేది, నేను కూడా ఆ బెంచీకి తగ్గట్టే మెడ నిక్కబొడుచుకుని కూర్చునేదాన్ని.

తర్వాత ప్రభుత్వం బాపుకు తామ్రపత్రం ఇచ్చింది. అది వచ్చిన నాటి నుంచి మా ముందుగదికి జనం మొదలయ్యారు. సమరయోధుడిగా గుర్తింపు కావాలంటే జైలు రికార్డు చూపించాలి. ఆ రికార్డులు సగం కాలిపోయాయి, సగం చెదలు తిన్నాయి. అందుకని తోటి ఖైదీ ఒకడు 'ఈయన నాతో పాటు ఉన్నాడు' అని కాగితం మీద రాసిస్తే సరిపోయేది. బాపు ఉర్దూ చదువు చదివినవాడు, తెలుగు మాట్లాడతాడు గాని తెలుగక్షరం ముక్క రాదు. అందుకని కాగితాలు రాసే పని నా మీద పడింది. 'ఇందుమూలముగా ధ్రువపరచునది ఏమనగా, శ్రీ ఫలానా వారు నాతో పాటు జైలులో యుండిరనియు, వారిని నేను స్వయముగా ఎరుగుదుననియు...' ఈ వాక్యం నిద్రలో లేపి అడిగినా రాసేదాన్ని. రాసినవన్నీ ఒక అట్ట కింద దొంతరగా పెడితే, బాపు పొద్దున్నే దుకాణం తీసే ముందు ఒక్కొక్కటే చూడకుండా కుడి నుంచి ఎడమకు ఉర్దూలో సంతకం గీకి పడేసేవాడు. చదవడం రాదు, అడగడం లేదు. ఆ దొంతరలో నేనేది పెడితే దాని మీద ఆయన సంతకం పడేది.

ఎవరెవరు వచ్చారో చెబితే నవ్వూ వస్తుంది, ఉమ్మి వేయాలనీ అనిపిస్తుంది. ఆ రోజుల్లో ఏడేళ్ళ పిల్లవాడిగా ఉన్న ఒకాయన వచ్చాడు. "జర వయసు పెంచుకోని రా భాయ్" అని బాపు తిప్పి పంపాడు, ఆయన మరుసటి వారం వయసు పెంచుకునే వచ్చాడు. ఇంకొకాయన అదే జైలుకు కూరగాయలు సప్లయి చేసిన కాంట్రాక్టరు. పుచ్చిన వంకాయలు పంపి ఖైదీల కడుపులు మాడ్చినవాడు, ఇప్పుడు తానూ ఖైదీనేనని కాగితం కావాలన్నాడు. మిగతావాళ్ళకు బాపు జైలు లోపలి సంగతులు పాఠం చెప్పాలి, బారక్కులెన్ని, గంట ఎప్పుడు కొడతారు, జైలరుకు ఏ కన్ను మెల్ల, గుర్తింపు ఇచ్చే కమిటీవాళ్ళు అడిగితే తడబడకూడదు కదా. కాంట్రాక్టరుకు మాత్రం ఏ పాఠమూ అక్కర్లేకపోయింది. "ఈయినెకు నాకంటె ఎక్కువ ఎరుక" అని బాపు నవ్వాడు, ఆయనా నవ్వాడు, నేను కూడా నవ్వుతూనే ఆయన పేరు రాశాను. వాళ్ళంతా మా చాపల మీద కూర్చుని, మా గ్లాసుల్లో చాయ్ తాగి, మా ఇంటి వెనక్కి కూడా వెళ్ళొచ్చేవారు. మర్నాడు పొద్దున బాలమ్మ బుట్ట బరువెక్కేది.

ఒకరోజు మధ్యాహ్నం అన్నాలయ్యాక బాపు ముందుగదిలో గావుతకియా దిండుకు ఆనుకుని ఉన్నాడు. నేను కాంట్రాక్టరు కాగితమే సాపు రాస్తున్నాను. గడప బయట ఒక ఆడమనిషి వచ్చి నిలబడింది. ఉతికిన తెల్లచీర, నూనె రాసి దువ్విన తల, మెడలో నల్లపూసల మధ్య చిన్న సిలువ. ఎవరమ్మా అని అడిగాను. నిజంగానే గుర్తుపట్టలేదు. పుట్టినప్పటి నుంచి రోజూ చూసిన మనిషిని నేను ఏనాడూ ముఖంలోకి చూడలేదు. తల మీద బుట్ట లేకపోయేసరికి ఎవరో కొత్తమనిషి అనుకున్నాను.

"ఏంది బాలమ్మా, గిటు దిక్కు వచ్చినవు?" అన్నాడు బాపు లేచి కూర్చుంటూ. ఆయన గొంతు అంత సన్నగా నేనెప్పుడూ వినలేదు. "ఎనుక గల్లీల అమ్మకు చెప్పరాదా?"

"ఎనుక గల్లీల నువ్వు దొరకవు గద సేటూ. ఇరవై అయిదేండ్ల సంది చూస్తున్న, నేను వచ్చే యాళ్ళకు షటర్ గుంజుకుంటవు." ఆమె గడప దాటలేదు, కింద మెట్టు మీదే నిలబడింది. "నా మోకాళ్ళు పోయినయ్. బుట్ట ఎత్తుకోని లేస్తే కండ్లు తిరుగుతున్నయ్. మా సరోజ మిషన్ బడిల పది పాసైంది. నర్సు ట్రైనింగుకు దరఖాస్తు పెట్టింది. గా జమాన్ల పోరాటం జేసినోళ్ళ పిల్లలకు అండ్ల సీటు ఇస్తరంట. మీ అసొంటి పెద్దమనిషి కాయిదం రాసిస్తె చాలన్నరు. సీటు రాకుంటె ఈ గల్లీ దాని పాలయితది. నా తర్వాత బుట్ట దాని నెత్తికే వస్తది."

"నువ్వు జైల్ల లేవు గద బాలమ్మా."

"లేను. జైలు ఎనుక ఉన్న."

బాపు నా వైపు చూసి, "సుశీలా, లోపటికి పో" అన్నాడు. నేను పోలేదు. కలం పట్టుకుని అలాగే కూర్చున్నాను.

బాలమ్మ గొంతు పెంచలేదు. పాలవాడికి లెక్క చెప్పినంత మామూలుగా చెప్పింది. "గప్పుడు జైలు సండాసులు ఎత్తేది నేను. చీటీలు బూడిదల పెట్టి బయటికి తెచ్చింది నేను. మా తమ్మున్ని గా జైల్ల గొడ్డును కొట్టినట్టు కొట్టి సంపిండ్రు, అందుకే తెచ్చిన. గా దినం పొద్దుగాల ఇనుప తలుపు గొళ్ళెం తీసి పెట్టింది నేను. నువ్వు సండాసుల దిగి, డబ్బా పక్కకు నూకి, పాక్కుంట వచ్చినవు. తలుపు అంచుకు భుజం కోసుకపోతె బూడిద అద్దిన. నా చీర కట్టిచ్చిన. బుట్ట నీ నెత్తికి ఎత్తిన. మూల మీద పోలీసు ఆపి ఎవతె ఇది అన్నడు. మా ఆడిబిడ్డ, మూగది అన్న. వాడు ముక్కు మూసుకోని ఆమడ దూరం జరిగిండు. తొవ్వ పొడుగూత ఒక్కడు నీ మొకం చూడలే. బుట్ట ఉన్నోళ్ళ మొకం ఎవడు చూస్తడు సేటూ? పదకొండు దినాలు మా గుడిసెల పన్నవు. నేను వండింది తిన్నవు. అక్కా అన్నవు. ఇంకో ముగ్గురిని గట్లనే తెచ్చినం ఇద్దరం గలిసి, యాదికున్నదా? నువ్వే నా ఎంబడి బుట్ట పట్టుకోని మల్ల జైలు దిక్కు వచ్చినవు. మస్తు ధైర్యం ఉండె నీకు. గది రాయి చాలు."

నేను బాపు ముఖం చూశాను. అబద్ధమని ఒక్క మాట అంటాడని చూశాను. ఆయన చెవిలోంచి దూది తీసి వేళ్ళతో నలుపుతున్నాడు. అప్పుడు నాకు తెలిసింది. కంబళ్ళు లేవు, గోడ లేదు, మూసీ లేదు. నేను తొక్కుకుంటూ పెరిగిన వెనక గల్లీలాంటి ఒక గల్లీ ఉంది, మా ఇంటికి ఉన్నటువంటి ఒక ఇనుప తలుపు ఉంది. దానికంటే నన్ను కుదిపేసింది ఇంకొకటి. బయటపడిన మనిషి మళ్ళీ అదే బుట్ట ఎత్తుకుని, అదే జైలు వెనక్కి, ఇంకొకరి కోసం పోయాడు. గోడ దూకడం కంటే అది ఎంత పెద్ద పని! మా బాపు జీవితంలో చేసిన ఒకే ఒక్క గొప్ప పని అది. దాన్ని కడిగి కడిగి, అత్తరు పూసి, దాని చోట ఒక సర్కస్ ఫీటు పెట్టాడు.

"గవన్ని ఇప్పుడెందుకు బాలమ్మా," అన్నాడు చివరికి. "పదిమందిల ఉన్నోన్ని. తోటి ఖైదీ అయితెనే రాయాలె, గది సర్కారు రూలు. నువ్వు ఖైదీవి గావు. నన్ను అబద్ధం రాయమంటవా?"

నా ముందు కాంట్రాక్టరు కాగితం ఉంది. సిరా ఇంకా ఆరలేదు.

బాలమ్మ నా వైపు తిరిగి, "బిడ్డా, రాసేది నువ్వేనంట గద. నువ్వు రాయి," అంది. నేను బాపు వైపు చూశాను. బాపు తలుపు వైపు చూశాడు. ఆమె మళ్ళీ ఆయన వైపు తిరిగి, "నువ్విచ్చిన అత్తరు సీసలు అన్నీ అట్లనే ఉన్నయ్ సేటూ, ఒక్కటి గూడ ఇప్పలే," అంది. "పని అయినంక తానం జేస్త, నాకు వాసన ఉండదు. ఇన్నేండ్లయినా నీకే పోతలేదు." అని మెట్టు దిగి వెళ్ళిపోయింది.

ఆమె గల్లీ మలుపు తిరగకముందే అమ్మ లోపలి నుంచి బక్కెట్లో పసుపునీళ్ళు తెచ్చింది. తలుపు వెనక నిలబడి అంతా విన్నది. బాలమ్మ నిలబడ్డ మెట్టు మీద నీళ్ళు కుమ్మరించి చీపురుతో రుద్దుతూ, తల ఎత్తకుండా, "ఆమె లేకుంటె మీ బాపు లేడు. నువ్వు లేవు, నీ తమ్ముడు లేడు. ఎరుకేనా?" అంది. అమ్మకు మొదటి నుంచీ తెలుసు. తెలిసే రోజూ అంత పైనుంచి నీళ్ళు పోసింది, తెలిసే రొట్టెలు పడేసింది. ఆ మాట అంటూ కూడా రుద్దడం ఆపలేదు. చీపురు నా చేతికిచ్చి, మూలల్లో నన్ను రుద్దమంది. నేను రుద్దాను.

ఆ సాయంత్రం నేను బాలమ్మ కాగితం రాశాను. 'శ్రీమతి బాలమ్మ గారు జైలులోని ఖైదీల రహస్య లేఖలను బయటకు చేరవేసిరనియు, నన్నును మరి ముగ్గురిని తన ప్రాణములకు తెగించి తప్పించిరనియు, పదకొండు దినములు తన యింట దాచిరనియు...' చక్కగా, అక్షరం దిద్దకుండా వచ్చింది. దాన్ని దొంతరలో కాంట్రాక్టరు కాగితం కింద పెట్టాను. మర్నాడు పొద్దున బాపు వచ్చి కూర్చున్నాడు. ఎప్పటిలాగే కూనిరాగం తీస్తూ ఒక్కొక్కటే సంతకం పెడుతున్నాడు, నేను ఒక్కొక్కటే లాగి పక్కన పెడుతున్నాను. చెయ్యి కదపకుండా ఊరుకుంటే చాలు. ఆయనకు తెలిసేదే కాదు. కానీ అప్పటికి నేను టీచర్ ట్రైనింగులో ఉన్నాను. ఆ సీటు వచ్చింది నా మార్కులకు కాదు, సమరయోధుల పిల్లలకు పెట్టిన కోటాలో, గోడ దుంకినాయన బిడ్డనని. ఈ కాగితం కమిటీ ముందు చదివితే గోడ ఏమవుతుంది, తామ్రపత్రం ఏమవుతుంది, నా సీటేమవుతుంది? 'బుట్ట మోసినాయన బిడ్డ' అని ట్రైనింగులో పిలిస్తే? కాంట్రాక్టరు కాగితం మీద బాపు చివరి చుక్క పెడుతుండగా, కింది దాన్ని లాగి మడిచి జాకెట్లో దోపుకున్నాను. బాపు కళ్ళెత్తలేదు. మధ్యాహ్నం దాన్ని పొయ్యిలో పెట్టాను. బాపు పిరికితనానికి ఒక కారణం ఉంది, ఆయన ఆ రంధ్రంలోంచి పాక్కుంటూ వచ్చినవాడు. నేను ఎందులోంచీ పాకలేదు. సీటు పోతుందని భయపడ్డాను, అంతే. బాపు మీద నాకు అసహ్యం కలిగిన మాట నిజం. నా మీద కలిగినది అంతకంటే చిక్కనిది, ఇప్పటికీ పోలేదు.

బాపు పోయినప్పుడు జెండా కప్పారు, చెవిలో దూది అలాగే ఉంది. బాలమ్మ ఎప్పుడు పోయిందో మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. గల్లీలో పైపులు వేసి ఇనుప తలుపులన్నీ ఇటుకలతో మూసేశారు. అసహ్యం కూడా వాటితోపాటు పోయిందని నేను పాఠాల్లో పిల్లలకు చెప్పాను కూడా. మొన్న ఎండాకాలం ఇదే సైదాబాద్‌లో మా వీధిలో మోరీ పొంగితే, ఒక మనిషి నడుముకు తాడు కట్టుకుని మ్యాన్‌హోల్‌లోకి దిగాడు. బాల్కనీల్లో మేమందరం నిలబడి చూశాం, అందరి చేతులూ ముక్కుల మీదే ఉన్నాయి. వాడు పైకి వచ్చి నీళ్ళడిగితే, కిందింటావిడ ప్లాస్టిక్ సీసా విసిరింది, అది తిరిగివ్వక్కర్లేదంది. అప్పుడు చెంబు, ఇప్పుడు సీసా. ఆ మనిషి ముఖం ఎలా ఉందని మీరు నన్నడిగితే నేను చెప్పలేను.

శుక్రవారం ఆ పెద్దమనిషికి ఈ కాగితాలే ఇస్తాను. ఆయన వేయడు. వేసినా ఎవరికి పనికొస్తుంది? దీని మీద పడవలసిన సంతకం ఎప్పుడో కాలిపోయింది, దీంతో సీటు రావలసిన పిల్ల ఇప్పుడు ముసలిదై ఉంటుంది, బతికుంటే. రాస్తున్నంతసేపూ నాకు కాస్త తేలిగ్గా ఉన్నదని గమనించాను, అది కూడా నాకు నచ్చలేదు. బాపుకు దూది ఎట్లాగో నాకీ కాగితాలు అట్లాగని అనుమానం. అందుకే రాయకుండా దాచుకుందామనుకున్న ఒక్క ముక్క కూడా రాసేస్తున్నాను.

కాగితం కాల్చిన నెల లోపలే ఒక పొద్దున వెనక గల్లీలోంచి కొత్త గొంతు వినబడింది. అమ్మకు జ్వరం, అందుకని చెంబు పట్టుకుని నేను వెళ్ళాను. సరోజ. నా ఈడుదే, నాకంటే రెండేళ్ళు చిన్నదేమో. రెండు జడలు ఇంకా బడికి పోయే పిల్లల్లాగే మడిచి కట్టుకుంది. డబ్బా వంచి బూడిద చల్లింది. బుట్ట ఎత్తుకోబోతే అది ఒక పక్కకు ఒరిగింది, కింద పెట్టి తలమీది చుట్ట సర్దుకుంది. నేను చూస్తున్నానని తెలిసి సిగ్గుపడ్డట్టు నవ్వింది.

"ఇంక చెయ్యి తిరగలే అక్కా," అంది. "అమ్మ రోజు చెప్తనే ఉన్నది, మెడ నిలువుగ పెట్టు, కిందికి చూడకు, నడుము ఊపకుండ నడువు అని. మీ బాపు ఒక్క పొద్దుగాలనే నేర్చుకున్నడంట. నేను మస్తు దినాలు తీసుకుంటున్ననని తిడుతున్నది."

అని రెండు చేతులూ దోసిలి పట్టింది. నా ముక్కు మీదికి కొంగు ఎప్పుడు వచ్చిందో నాకు తెలియదు. నేను మెట్టు మీద నిలబడి, చెంబు ఇంకొంచెం పైకెత్తి నీళ్ళు పోశాను.